తప్పు జవాబులు రాసే ఉద్యోగం

ఏప్రిల్ 9

ఈరోజు నలభై ప్రశ్నలకు నూట ఇరవై తప్పు జవాబులు రాశాను.

రైటు జవాబులతో నాకు సంబంధం లేదు. అవి రాఘవేంద్ర సార్ తన పాత నర్సింగ్ పుస్తకాల్లోంచి ముందే తీసి ఇచ్చేస్తారు. ఒక్కోదాని పక్కన మరో మూడు కూర్చోబెట్టడం నా పని. నర్సింగ్ ఎంట్రన్స్‌కు చదివే అమ్మాయిలు వారం వారం రాసే మాక్ టెస్టులో ఆ నాలుగూ ఒకే రకం చీరలు కట్టుకున్న తోడికోడళ్లలా వరసగా కూర్చుంటాయి.

"తప్పు జవాబు రైట్ జవాబు కంటె అందంగ ఉండాలె తన్మయీ," అన్నారు సార్. "పిల్ల దాన్ని చూసి మనసు పారేసుకోవాలె. గప్పుడే అసలు పరీక్షల జాగ్రత్తగ ఉంటది."

మూడేళ్లు గ్రూప్స్ రాసి, మూడేళ్లూ తప్పు జవాబులకే మనసు పారేసుకున్నదాన్ని. ఈ పని నాకోసమే పుట్టినట్టుంది.

షరతు ఒక్కటే. పేపర్ ఎవరు తయారుచేస్తారో అమ్మాయిలకు తెలియకూడదు. వాళ్ల లెక్కలో నేను డౌట్లు తీర్చే అక్కను.

అశోక్ నగర్ సందులో, జిరాక్సు షాపు మీద రెండో అంతస్తులో మా కోచింగ్ సెంటర్. నా టేబుల్ కిటికీ పక్కనే. అవతల ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తోంది. గోడలొచ్చాయి, కిటికీలింకా రాలేదు. మూడింటికి ఎండ ఆ ఖాళీ గదుల్లోంచి దూరి వచ్చి నా కాగితాల మీద నాలుగు ముక్కలుగా పడుతుంది. ఎ, బి, సి, డి. ఏ ముక్కలో చెయ్యి పెట్టినా వెచ్చగానే ఉంటుంది.

ఏప్రిల్ 12

కల. చిక్కడపల్లి లైబ్రరీ నిండా నీళ్లు. గ్రూప్స్ వాళ్లందరూ ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చునే ఉన్నారు. మోకాళ్ల దాకా మునిగినా ఒక్కరూ తల ఎత్తడం లేదు. పుస్తకాలు గుమ్మం దాటి, మెట్రో స్తంభాల కింద నుంచి నారాయణగూడ వైపు మెల్లగా కొట్టుకుపోతున్నాయి. ఇందులో నీది ఏది అని ఎవరో అడిగారు. ఏవి నావి కావో గబగబా చెప్పేశాను. అన్నీ పోయాక నీళ్లు మిగిలాయి.

లేచేసరికి అమ్మ నెత్తి మీద నిలబడి ఉంది. "ఏం జేద్దామనుకుంటున్నవే? బ్యాంకు వద్దంటివి, టీచరు వద్దంటివి, ఎంబీఏ వద్దంటివి, పెదనాయిన షాపు వద్దంటివి. నాలుగు చెప్తే నాలుగు కొట్టేస్తవ్. ఐదోది యాడికెల్లి తేవాలె?"

జర ఆగమ్మా అన్నాను. మూడేళ్లుగా ఆ మాటే అంటున్నాను.

ఏప్రిల్ 15

పొద్దున ఏడింటికి క్లాసులు ఊడ్చే అమ్మాయే ఎనిమిదింటికి చివరి బెంచీ మీద కూర్చుంటుందని ఇవాళ తెలిసింది. పేరు అంబిక. ఎదురు బిల్డింగులో తట్ట మోసే హనుమమ్మ కూతురు. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చారు. ఆ బిల్డింగు సెల్లారులోనే ఉంటారు. సర్కారు కాలేజీలో ఇంటర్ బైపీసీ చదివింది.

మొన్నటి మాక్‌లో వందకు నలభై ఒకటి. బయాలజీ బాగానే చేసింది. రోగి ముందు నువ్వుంటే మొదట ఏం చేస్తావు అని అడిగే ప్రశ్నలున్నాయి చూడు, అవన్నీ పోయాయి.

"గివే నాకు వస్తయనుకున్ననక్కా," అంది. "మా నాయిన మూడేండ్లు మంచంల ఉండె. పోయేదాంక అన్నీ నేనే చేసిన."

"సీటు రాకపోతే?"

చీపురు చివరతో కిటికీలోంచి ఎదురు బిల్డింగు చూపించింది. "అది అయిపోంగనే మేస్త్రి అందర్ని పూణెకు తోల్కపోతడు. హాస్టలున్న కాలేజీల సీటొస్తె నేనీడ్నే. లేకుంటె అమ్మెంబడి పోయి తట్ట ఎత్తుకునుడే."

"ఎప్పుడైపోతుంది?"

"కిటికీలు పెట్టిన్రంటె ఇగ అయిపోయినట్టే."

ఏప్రిల్ 18

ఊడ్చడం అయ్యాక అంబిక నా టేబుల్ దగ్గర ఒక్క నిమిషం నిలబడుతుంది. ఊరికే అడుగుతాను. చెయ్యి కాలితే మీ ఇంట్లో ఏం చేస్తారు?

"పండ్లు తోముకునే పేస్టు రాస్తం."

ఫిట్స్ వస్తే?

"తాళంచెవుల గుత్తి చేతుల పెడ్తం. అడిగినవు గని, ఎందుకక్కా?"

ఊరికే.

పేస్టు పదిహేడో ప్రశ్నలో సి అయింది. తాళంచెవులు ఇరవై రెండులో బి. సార్ చదివి టేబుల్ చరిచారు. "గిది! గిదే కావాలె నాకు! ఎట్ల దొరికినయమ్మా నీకు?"

దీన్ని దొంగతనం అనరు. మెటీరియల్ కలెక్షన్ అంటారు.

ఏప్రిల్ 26

మాక్ అయ్యాక అంబిక మెట్ల దగ్గర పట్టుకుంది. ముఖం వింతగా ఉంది, ఎవరో తెలియని మనిషి తనను పేరు పెట్టి పిలిచినట్టు.

"అక్కా, ఈ పేపర్ తయారుచేసినోళ్లకు మా ఇల్లెట్ల ఎరుక?"

నేను నవ్వాను. ఏం నవ్వో.

"నిజంగనే అక్కా. కొన్ని జవాబులు సదువుతుంటె మా అమ్మ మాట్లాడినట్టే ఉన్నది. గవే పెట్టిన. అన్నీ తప్పంట."

ముప్పై తొమ్మిది.

రేపు చెప్తాను.

ఏప్రిల్ 27

ఆదివారం. సెంటర్ లేదు.

ఏప్రిల్ 28

సార్‌కు మాటిచ్చాను కదా. ఇచ్చిన మాట తప్పడం మంచిది కాదు.

మే 2

చెప్పడం కంటే మంచి ఉపాయం దొరికింది. తప్పు జవాబులు ఎక్కడి నుంచి వస్తాయో తెలిసినదాన్ని. వాటి నుంచి తప్పించుకునే దారి నాకంటే ఎవరికి బాగా తెలుస్తుంది?

మధ్యాహ్నం ఇందిరా పార్కుకు తీసుకెళ్లాను. తురాయి చెట్ల కింద నేలంతా ఎర్రగా ఉంది. ముందు మామూలువి చెప్పాను. "ఎల్లప్పుడూ", "ఎన్నడూ" అనే మాటలున్న జవాబును అనుమానించు. రానిదాని దగ్గర ఆగిపోకు, గుర్తు పెట్టుకుని ముందుకు పో, చివర్లో తిరిగి రా. మైనస్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా వదలకు. తలూపుతూ రాసుకుంది.

తర్వాత అసలుది చెప్పాను. "నాలుగూ చదువు. అందులో మీ ఇల్లు ఏదో చూడు. మొదట నీ మనసుకు తట్టేది అదే. దాన్ని కొట్టేయ్."

"మా ఇంటినే కొట్టెయ్యాల్నా?"

"పెన్సిల్‌తోనే కదా."

నవ్వింది. ఒక తురాయి రేక ఆమె నోట్‌బుక్ మీద పడితే తీయకుండా అలాగే మూసింది.

మే 9

యాభై ఎనిమిది!

మే 16

డెబ్బై ఒకటి! పోయినసారి హాస్టల్ సీటు డెబ్బై దగ్గర ఆగింది అంటారు సార్. అంబిక క్లాసు మధ్యలో చీపురు తిప్పుతూ ఒక్క చుట్టు తిరిగింది. కిటికీలోంచి తల్లిని కేకేసింది. మూడో అంతస్తు కర్రల మీద నుంచి హనుమమ్మ తట్ట దించకుండానే అరిచింది. "ఎన్నీ?" "డెబ్బై ఒకటీ!" "వందకేనా?" "వందకే!" "మిగిలినయి యాడ పోయినయే మరి?" కర్రల మీద ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు.

ముప్పై నాలుగో ప్రశ్న పోయింది. కంట్లో సున్నం పడితే మొదట ఏం చేయాలి? శుభ్రమైన నీళ్లతో చాలాసేపు కడగాలి. తను అదే కొట్టేసింది. పక్కన పెన్సిల్ గీత చక్కగా ఉంది.

"మా దగ్గర బిందె కుమ్మరిస్తరక్కా. మా ఇల్లే గదా అని కొట్టేసిన."

ఒక్కోసారి ఇల్లు కూడా రైటవుతుందిలే అన్నాను. ఒక్క మార్కే కదా.

ఎదురుగా మొదటి అంతస్తుకు కిటికీలు పెట్టేశారు.

మే 21

ఈమధ్య నాకు ఊరంతా నాలుగు నాలుగుగా కనిపిస్తోంది. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడిన నలుగురిలో ముగ్గురు తప్పు, ఒకరు రైటు. మబ్బు పట్టింది. వాన పడలేదు. గాలిలో మాత్రం తడి మట్టి వాసన, ఎక్కడో వేరే ఊళ్లో కురిసి ఇక్కడికి ఉత్తరం రాసినట్టు. హిమాయత్‌నగర్ దాకా ఊరికే నడిచాను. తిరిగి నడిచాను. సంతోషంగా ఉన్నాననే అనుకుంటున్నాను.

అంబికకు చెప్పాల్సిన అవసరం ఇక లేదు. మార్కులు వస్తున్నాయి కదా.

మే 27

ఎలా జరిగిందో అలాగే రాయాలి.

రెండున్నర. నేను కిటికీ దగ్గర ఉన్నాను. ఎదురు బిల్డింగు వాళ్లు కాంపౌండ్ గోడకు వేయడానికి సున్నం డ్రమ్ములో కలుపుతున్నారు. అది ఉడుకుతోంది. హనుమమ్మ కర్రతో తిప్పుతోంది. అంబిక తల్లికి అన్నం తెచ్చి, తాగే నీళ్ల బిందె పక్కన నిలబడి ఉంది. డ్రమ్ము ఒక్కసారి ఎగజిమ్మింది. హనుమమ్మ రెండు చేతులూ ముఖానికి పెట్టుకుని కూర్చుండిపోయింది.

అంబిక వెంటనే బిందె ఎత్తింది. ఎత్తడం నేను చూశాను.

ఎత్తి, ఆగిపోయింది.

పెదవులు కదులుతున్నాయి. ఆ కదలిక నాకు తెలుసు. వారం వారం చూస్తున్నదే. ఎ. బి. సి. డి.

నీళ్లు పొయ్యవే, పొయ్యి, అని అరిచాను. కింద రాయి కోసే మిషను మోత. నా గొంతు నాకే వినపడలేదు. మెట్లు దిగి పరుగెత్తాను. సందు దాటి నేను చేరేసరికి కూడా బిందె ఆ పిల్ల చేతుల్లోనే ఉంది. లాక్కుని కుమ్మరించాను. చేయి జారి బిందె రాళ్ల మీద పడింది. అప్పుడు కదిలింది అంబిక. తల్లి తల ఒడిలో పెట్టుకుని, రెప్పలు విడదీసి పట్టుకుని, "ఇంక తెండి, ఇంక తెండి" అని అరుస్తూ కడుగుతూనే ఉంది. ఎవరూ చెప్పనక్కర లేకుండా.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "పక్కనే నీళ్లున్నాయంటున్నారు. వెంటనే ఎందుకు కడగలేదు?"

ఆటోలో, తల్లి భుజం మీద చెయ్యి వేసి బయటికి చూస్తూ అంది అంబిక. "బిందె ఎత్తిననక్కా. మొదలు గదే తట్టింది. గందుకే తప్పనుకున్న."

మే 28

ముప్పై నాలుగో ప్రశ్న పక్కన ఆ పెన్సిల్ గీత నాది.

మే 30

కుడి కన్ను బాగుంది. ఎడమ కంటికి కట్టు. చూపు ఎంత తిరిగి వస్తుందో కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారు.

సెల్లారులోకి వెళ్లి చెప్పాను. పేపర్లు నేనే రాస్తానని చెప్పాను. తప్పు జవాబులు మీ ఇంటి నుంచే తీసుకున్నాను, నిన్ను అడిగి నీకే పెట్టాను, ఆ తర్వాత వాటిని కొట్టేయమన్నదీ నేనే, అని. చెప్పేటప్పుడు నా మాటలు ఎంత సాఫీగా వచ్చాయంటే, నెల రోజులుగా లోపల ఇది రాసుకుంటూనే ఉన్నానని అర్థమైంది.

హనుమమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. విన్నదో లేదో.

అంబిక అరవలేదు. "గందుకేనా, ప్రతి తప్పుల మా అమ్మ కనవడ్డది," అంది. తర్వాత, "పో అక్కా," అంది.

మే 31

క్లాసులు ఎవరూ ఊడవలేదు.

జూన్ 2

ఊడవలేదు. నేను ఊడ్చాను. మూలలు సరిగ్గా రాలేదు.

జూన్ 3

ఏడింటికి వచ్చింది. చీపురు ముట్టుకోలేదు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా దగ్గర తీసుకున్నయన్నీ ఏ బుక్కుల రాసినవ్? తియ్యి."

తీశాను.

"సార్ పుస్తకాలు గూడ తియ్యి. ఒక్కొక్కటి చూద్దాం. మా ఇంట్ల ఏది రైటో ఏది తప్పో నాకు ఎరుకుండాలె. ఉత్తగ మొత్తం ఇల్లు కొట్టేస్తె ఎట్లక్కా? ఇల్లన్నంక అన్ని తీర్ల ఉంటయి."

జూన్ 8

ఆరు రోజులుగా ఇదే పని. కాలితే పేస్టు రాయడం తప్పు. చల్లటి నీళ్ల ధార కింద పెట్టడం రైటు. పేస్టు లేనప్పుడు వాళ్లు చేసేది అదేనట. తాళంచెవులు తప్పు, కానీ ఫిట్స్ వచ్చిన మనిషిని హనుమమ్మ పక్కకు తిప్పి పడుకోబెడుతుందట, అది రైటు. కుక్క కరిస్తే కారం పెట్టడం తప్పు. వడదెబ్బ తగిలితే నీడకు తెచ్చి తడిబట్ట చుట్టడం రైటు. చెయ్యి విరిగితే వెదురు బద్దలు కట్టి కదలకుండా పెట్టి ఆసుపత్రికి తోలడం రైటు. మంచంలో ఉన్న నాన్నను అంబికే రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదట, పుండ్లు పడకుండా. అది ఎవరు చెప్పారు అంటే, "ఆయన వీపే చెప్పింది," అంది.

నేను నోట్‌బుక్కులో ఈ రైటు సగం ఎప్పుడూ రాసుకోలేదు. నాకు పనికొచ్చేది తప్పు సగమే కదా.

జూన్ 10

చివరి మాక్. అరవై మూడు.

సార్ నా మీద విరుచుకుపడ్డారు. "ఎక్కుతున్న పిల్లను కిందికి గుంజినవ్ గదమ్మా! ఎంట్రన్స్ వారముంది. పాత లెక్కనే చెయ్యమను. డెబ్బై ఒకటి ఉత్తగ వచ్చిందా?"

కాదు, ఉత్తగా రాలేదు. కన్నెంత పోయిందో ఇంకా తెలియదు.

మూడో అంతస్తు కిటికీలు అయ్యాయి. ఇక రెండు అంతస్తులు.

జూన్ 12

అరవై మూడు ఎందుకు వచ్చిందో కనిపెట్టాం. ప్రశ్న చదవగానే జవాబు తనకు వస్తోంది. తర్వాత నాలుగూ చదివేసరికి, ఏది ఇల్లు, ఏది పుస్తకం, ఏది తన్మయక్క అని తికమక పడుతోంది.

"నువ్వు రాసినయి మస్తు మంచిగుంటయక్కా," అంది. "గదే పరేషాన్."

అయితే చూడకు అన్నాను. జవాబుల మీద చెయ్యి పెట్టుకో. ప్రశ్న చదివి, నువ్వైతే ఏం చేస్తావో నీకు నువ్వే చెప్పుకో. అప్పుడు చెయ్యి తియ్యి. నువ్వు చెప్పింది అక్కడ ఉందేమో వెతుకు.

పాత పేపర్లో ముప్పై నాలుగో ప్రశ్న దగ్గర చాలాసేపు చెయ్యి తీయలేదు.

జూన్ 13

కట్టు విప్పారు.

జూన్ 17

ఊరి అవతల ఏదో ఇంజనీరింగ్ కాలేజీలో పరీక్ష. కంప్యూటర్ మీద. హనుమమ్మ కూడా వచ్చింది, నల్లద్దాలు పెట్టుకుని. "సిన్మా యాక్టర్ లెక్కున్ననా?" అని నన్నే అడిగింది. ముగ్గురం బస్సులో వెళ్లాం. లోపలికి పంపాక గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆమె నిద్రపోయింది. గాలికి వేపపండ్లు ఒక్కొక్కటే రాలుతున్నాయి. రెండు గంటలు ఎవరో నా గుండెను కూడా రెప్పలు విడదీసి పట్టుకున్నట్టు ఉంది.

బయటికి రాగానే అంబిక నవ్వుతోంది. "లోపల మేడం తిట్టింది. 'ఏయ్ అమ్మాయీ, స్క్రీన్ మీదికెల్లి చెయ్యి తియ్యి, ఖరాబైతది' అన్నది. తీసిన. మల్ల పెట్టిన. మల్ల తిట్టింది. ఇగ ఊకున్నది."

"ఎలా రాశావు?"

"ఎరుక లేదక్కా. గని ఎవరిదో జవాబు పెట్టలే."

జూలై 4

ఐదో అంతస్తుకు అద్దాలు ఎక్కించారు. ఇప్పుడు మూడింటికి ఎండ నా టేబుల్ మీద పడటం లేదు.

జూలై 11

అంబిక పేరు లిస్టులో ఉంది. చివరి నుంచి పదకొండోది. సిద్దిపేటలో సీటు, హాస్టలుతో.

జిరాక్సు షాపులో తీయించిన ఆ ఒక్క కాగితాన్ని ఆరుసార్లు చదివాను. కేకేయడానికి కిటికీ దగ్గరికి వెళ్తే ఎదురుగా అన్నీ మూసిన అద్దాలే. కిందికి పరుగెత్తాను. ఈసారి మెట్లు తక్కువైనట్టనిపించింది.

జూలై 14

సార్ కొత్త బ్యాచ్‌కు మొదటి పేపర్ అడిగారు. రాస్తాను గానీ, అమ్మాయిలకు ఎవరు రాశారో చెప్తాను, మాక్ అయ్యాక ఒక్కో తప్పు దగ్గరా కూర్చుంటాను అన్నాను. "కూసుంటె కూసో తియ్యి," అన్నారు, ముఖం ముడుచుకుని.

అమ్మకు చెప్పాను, ఇదే చేస్తానని. గరిటె పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది. "వద్దు అనకుంట ఒకటి అన్నవే," అంది.

జూలై 19

పొద్దున ఆరింటికి మేస్త్రి డీసీఎం వ్యాను తెచ్చాడు. తట్టలు, పారలు, మూటలు ఎక్కించారు. హనుమమ్మ ఎక్కబోతూ ఆగి నన్ను పిలిచింది.

"ఇటు రా బిడ్డా. నీ మొకం జూడాలె."

నల్లద్దాలు తీసింది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద చిన్న తెల్లటి పొర, పాల చుక్క ఆరిపోయినట్టు. అరచేత్తో కుడి కన్ను మూసుకుని నన్ను చూసింది.

"గిట్ల జూస్తె పొగల నిలవడ్డట్టున్నవ్."

చెయ్యి మార్చి ఎడమ కన్ను మూసుకుంది.

"గిట్ల జూస్తె మంచిగనే ఉన్నవ్."

చెయ్యి పూర్తిగా తీసేసి, రెండు కళ్లతో చూసింది. చాలాసేపు. "మా పిల్లను ఆయితారం ఆయితారం చూసి రా," అని, ఇద్దరు ఆడవాళ్ల చేతులు పట్టుకుని డీసీఎం ఎక్కింది.

అది మలుపు తిరిగాక అంబిక ఖాళీ సెల్లారు ఊడ్చింది. నేను చేట పట్టుకున్నాను. మూలన స్టీలు బిందె ఉంది.

"మర్చిపోయిందా?" అన్నాను.

"యాడ మర్చిపోతది! నాకే ఇడిసిపోయింది. హాస్టల్ల నల్లాలుంటయే అంటె ఇంటదా?"

ఆ రోజు రాళ్ల మీద పడిన చోట బిందెకు పెద్ద సొట్ట. సంపు దగ్గరికి తీసుకెళ్లి నిండా నింపి, ఎండలో పెట్టి, ఇద్దరం దాని చుట్టూ కూర్చుని చూశాం.

కారడం లేదు.